థేమ్స్ ఒడ్డున మధ్యయుగపు కత్తి పిడి, ఒర భాగాలు: వెతకడం, గుర్తించడం, నమోదు చేయించడం

లండన్ నగరం మధ్యగా పారే థేమ్స్ నది టెడింగ్టన్ లాకుల వరకూ సముద్రపు ఆటుపోట్లకు లోబడి ఉంటుంది. పెద్ద పోటు వచ్చే రోజుల్లో లండన్ వంతెన దగ్గర నీటిమట్టం దాదాపు 7 మీటర్ల మేర లేచి పడుతుంది. ఆ నీరు తీసినప్పుడల్లా, అంటే రోజుకు రెండుసార్లు, గోడల కింద బురద, కంకర కలిసిన ఒక సన్నని తీరం బయటపడుతుంది. దానినే అక్కడివారు ఫోర్‌షోర్ అంటారు, అక్కడ వెతికేవారిని మడ్‌లార్క్‌లు అంటారు. చదువుకో ఉద్యోగానికో లండన్ చేరిన తెలుగువారిలో కూడా ఈ పని మీద ఆసక్తి ఉన్నవారు ఉంటారు కనుక, మధ్యయుగపు ఆయుధాల చిన్న భాగాల వరకూ పరిమితమై ఈ మార్గదర్శిని రాస్తున్నాను.

చిన్న భాగాలు అనడానికి కారణం ఉంది. నిండు కత్తి దొరకడం అరుదు. లింకన్ దగ్గర విథమ్ నదిలో 1825లో బయటపడి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న 13వ శతాబ్దపు కత్తి లాంటివి నదులు ఎప్పుడో ఒకసారి ఇచ్చేవి. దాని అలుగు (పిడి కాక మిగిలిన లోహపు పలక) మీద బంగారు తీగతో పొదిగిన అక్షరాలకు అర్థం ఏమిటో నేటికీ తేలలేదు. మామూలుగా చేతికి వచ్చేవి ఒర కొసకు తొడిగిన లోహపు పొన్నులు, ఒర మూతికి చుట్టిన పట్టీలు, పిడి చివరి గుబ్బలు, పిడికీ అలుగుకీ మధ్య ఉండే అడ్డకమ్మీలు, కత్తిని నడుముకు వేలాడదీసే పటకా బకిల్సు. వీటిలో చాలావాటి పొడవు బొటనవేలంత కూడా ఉండదు. వీటిని గుర్తించేటప్పుడు ఆకారాన్ని నమ్ముకుంటే మోసపోతాం. తయారీ ఆనవాళ్లను, అంటే అతుకును, సీల రంధ్రాన్ని, లోపలి ఖాళీ ఆకృతిని చూడడం నేర్చుకోవాలి. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే.

అవి అక్కడికి ఎలా చేరాయి

వెతికే చోటును అర్థం చేసుకోవడానికి ఇది తెలియాలి. 12 నుంచి 15వ శతాబ్దాల మధ్య లండన్ వర్తకులు నది అంచున కొయ్య దుంగలతో అడ్డుగోడలు కట్టి, వాటి వెనుక నగరపు చెత్తనంతా నింపి, కొత్త నేలను నదిలోకి జరుపుకుంటూ పోయారు. బిల్లింగ్స్‌గేట్, ట్రిగ్ లేన్, స్వాన్ లేన్ వంటి చోట్ల 1970లు, 80లలో జరిగిన తవ్వకాల్లో ఆ నింపుడు మట్టిలోంచి తోలు ఒరలు, చాకులు, బకిల్సు, ఒర పొన్నులు పెద్ద సంఖ్యలో బయటపడ్డాయి. అంటే ఈనాడు ఒడ్డున కనిపించే ఒర పొన్ను యుద్ధంలో రాలి పడినదే కానక్కర్లేదు. పాత ఒరను పారేసిన చెత్తలోదో, పడవ ఎక్కుతుండగా ఊడి పడినదో, రేవు పక్కన పనిచేసిన ఒరల తయారీదారు దుకాణంలోంచి వచ్చినదో కావచ్చు.

కొన్నింటిని కావాలనే నదికి సమర్పించారని కూడా పండితులు అంటారు. లండన్ వంతెన దగ్గర 1920లలో దొరికిన వైకింగ్ కాలపు గొడ్డళ్లు, ఈటె మొనల గుంపు విషయంలో పోరాటంలో పోయాయా, మొక్కుగా వేశారా అనే చర్చ ఇంకా నడుస్తూనే ఉంది. ఈ సందర్భంలో మనవారికి సంబంధించిన సంగతి ఒకటి ఉంది. థేమ్స్‌ను గంగకు బదులుగా భావించి లండన్ హిందువులు నీటిలో వదిలిన చిన్న వినాయకుడి ప్రతిమలు, ప్రమిదలు, యంత్రపు రేకులు కూడా అదే ఒడ్డున తరచుగా కనిపిస్తాయి. ఇత్తడి రేకు మీద గీతలు చూసి మధ్యయుగపుదని పొంగిపోయే ముందు, అది మన పూజామందిరం నుంచి వచ్చిందేమో చూసుకోవడం మంచిది.

మొదటి అడుగు: అనుమతి

ఫోర్‌షోర్‌లో అధిక భాగం పోర్ట్ ఆఫ్ లండన్ అథారిటీకి, బ్రిటన్ రాజరికపు ఆస్తులు చూసే క్రౌన్ ఎస్టేట్‌కు చెందినది. మెటల్ డిటెక్టర్ లేకపోయినా, పార పట్టకపోయినా, కేవలం కంటితో వెతికి తీసుకోవాలన్నా పోర్ట్ అథారిటీ ఇచ్చే అనుమతిపత్రం ఉండి తీరాలి. దరఖాస్తులు వెల్లువెత్తడంతో 2022 నవంబరులో కొత్త అనుమతులను ఆపేసి, ఆ తరువాత నిరీక్షణ జాబితా పద్ధతి తెచ్చారు. కనుక ప్రస్తుత నియమాలను అథారిటీ వెబ్‌సైటులోనే చూసుకోవాలి. సాధారణ అనుమతితో తవ్వదగ్గ లోతు 7.5 సెంటీమీటర్లకు మించరాదనేది చాలాకాలంగా ఉన్న నియమం. క్వీన్‌హైత్ రేవు రక్షిత పురావస్తు స్థలం కనుక అక్కడ వెతకడానికి వీల్లేదు, లండన్ టవర్ ముందు, పార్లమెంటు దగ్గర కూడా ఆంక్షలు ఉన్నాయి. అనుమతి చేతికి వచ్చేలోగా థేమ్స్ ఎక్స్‌ప్లోరర్ ట్రస్ట్ వంటి సంస్థలు నడిపే మార్గదర్శక యాత్రలకు వెళ్లి, తీరం తీరుతెన్నులు చూసి రావచ్చు. మొదటిసారి వెళ్లేవారు ఒంటరిగా దిగడం కన్నా అదే మేలు.

రెండవ అడుగు: ఆటు లెక్క

పోర్ట్ అథారిటీ ప్రకటించే ఆటుపోట్ల పట్టిక చూడకుండా మెట్లు దిగకూడదు. లండన్ దగ్గర నీరు తీయడానికి పట్టే సమయం కన్నా నిండడానికి పట్టే సమయం తక్కువ. పోటు మొదలైందని గమనించేసరికే గోడకూ నీటికీ మధ్య నేల సన్నబడిపోతుంది. నీరు పూర్తిగా తీసే సమయానికి రెండు గంటల ముందు దిగి, పోటు మొదలయ్యేసరికి మెట్ల దగ్గరికి చేరేలా పని ముగించుకోవాలి. దిగిన మెట్లు కాక పైకెక్కడానికి ఇంకో దారి ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోవాలి. చిక్కుకుపోతే 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్‌ను అడగాలి.

నదిలో మురుగునీరు కలిసిన కాలం చాలానే ఉంది. ఎలుకల మూత్రం ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్ ప్రమాదం కూడా ఉంది. రబ్బరు చేతితొడుగులు, మోకాళ్ల వరకూ వచ్చే బూట్లు వేసుకోవాలి, గాయాలకు నీరు తగలని ప్లాస్టర్ వేసుకోవాలి, చేతులు కడుక్కోకుండా ఏమీ తినకూడదు.

మూడవ అడుగు: వెతికే పద్ధతి

నది తన సామానును బరువును బట్టి సర్దుతుంది. తేలిక గులకరాళ్లు ఒక చోట, ఎముకలు ఒక చోట, మేకులు, సీసపు ముక్కలు, గుండుసూదులు ఇంకో చోట పోగవుతాయి. తుప్పు పట్టిన మేకులు, సన్నని ఇత్తడి గుండుసూదులు గుంపుగా కనిపించిన చోటే ఒర పొన్నులు, బకిల్సు కూడా ఉండే అవకాశం ఎక్కువ. కనుక తీరమంతా తిరగడం కన్నా అటువంటి ఒక్క మేరను పట్టుకుని, వంగి లేదా మోకాళ్ల మీద కూర్చుని, నెమ్మదిగా చూడడం ఫలితమిస్తుంది. ప్రకృతిలో అరుదైన తిన్నని గీతలు, నిండు వృత్తాలు, ఒకే దూరంలో వరుసగా ఉన్న రంధ్రాలు కంటికి ఆనేదాకా చూపు నిలపాలి.

గాలి చొరని నల్ల బురదలో శతాబ్దాలు పడి ఉన్న ఇత్తడి, కంచు వస్తువులకు చిలుము పట్టదు. కొన్ని బంగారు రంగులో, కొన్ని ముదురు గోధుమ రంగులో, నిన్న పడేసినంత కొత్తగా కనిపిస్తాయి. మెరుస్తోంది కదా, కొత్తదే అని విసిరేయడం ఇక్కడ చాలామంది చేసే పొరపాటు. ఇనుము సంగతి వేరు. కంకరలో పడిన ఇనుము చుట్టూ రాళ్లు, ఇసుక, తుప్పు కలిసి గట్టి ముద్దగా మారతాయి. ఆ ముద్ద లోపల బాకు ఉందో, పడవ మేకు ఉందో చేతితో తేల్చడం సాధ్యం కాదు. పురావస్తువులను బాగుచేసి కాపాడే సంరక్షకులు ఎక్స్‌రే తీసి చూస్తారు. సుత్తితో పగలగొడితే తుప్పుతో పాటు వస్తువు అసలు ఉపరితలం కూడా ఊడిపోతుంది.

పాత కొయ్య దుంగల వరుస కనిపిస్తే, వాటి చుట్టూ గానీ కింద గానీ కదపకూడదు. అవి మధ్యయుగపు అడ్డుగోడల అవశేషాలు కావచ్చు.

నాలుగవ అడుగు: ఒర పొన్నును చదవడం

ఎక్కువగా దొరికేది ఇదే కనుక దీని మీదే కొంత నిలుద్దాం. ఒర అంటే రెండు పలుచని చెక్కల మీద గానీ, ఉత్త తోలుతో గానీ చేసిన గొట్టం. దాని కొస నేలకు, మెట్లకు తగిలి చిరిగిపోకుండా, లోపలి మొన తోలును చీల్చుకుని బయటకు రాకుండా కింద లోహపు తొడుగు వేసేవారు. 13 నుంచి 15వ శతాబ్దాల మధ్య ఇవి ఎక్కువగా పలుచని ఇత్తడి లేదా రాగి మిశ్రమపు రేకుతో చేసినవి. చేతిలోకి తీసుకుని ముందుగా వెనుక భాగం చూడాలి. రేకును మడిచి, రెండు అంచులను వెనుకవైపు కలిపి, మాటు వేసిన అతుకు నిలువునా కనిపిస్తుంది. చాలాసార్లు ఆ మాటు వదిలి, సన్నని చీలికగా తెరుచుకుని ఉంటుంది. ముందువైపు పై అంచును లిల్లీ పువ్వు రేకుల్లా, లేదా రంపపు పళ్లలా కత్తిరించి ఉండవచ్చు. ఆ అంచుకు కాస్త దిగువన ఒక చిన్న రంధ్రం, కొన్నిసార్లు అందులో ఇంకా మిగిలిన సీల ఉంటాయి, పొన్నును తోలుకు పట్టి ఉంచేది అదే. అడుగున చిన్న గుండ్రని గుబ్బ గానీ, రేకును నొక్కి మూసిన ముడత గానీ ఉంటుంది.

ఆ తరువాత పై నుంచి లోపలికి చూడాలి. ఒర పొన్ను లోపలి ఖాళీ కంటి ఆకారంలో, మధ్యలో వెడల్పుగా, రెండు వైపులా సన్నగా ఉంటుంది, ఎందుకంటే అందులో కూర్చోవలసింది అలుగు. ఈ ఒక్క పరీక్షతోనే చాలా సందేహాలు తీరిపోతాయి. గొడుగు కొసకో, చేతికర్రకో వేసే 19వ శతాబ్దపు పొన్ను లోపల గుండ్రంగా ఉంటుంది, అతుకు లేని గొట్టంతో చేసి ఉంటుంది, లేత్ యంత్రం మీద తిప్పిన సమాంతరపు గీతలు దాని మీద కనిపిస్తాయి. లోపల మరచుట్లు ఉంటే మధ్యయుగపుదన్న ఆశ వదులుకోవచ్చు.

మనిషిని ఇంతకన్నా తికమక పెట్టేది పటకా కొస తొడుగు. అది కూడా రాగి మిశ్రమమే, అదే కాలానిదే, అదే పరిమాణంలో ఉంటుంది. తేడా మళ్లీ లోపలే ఉంది. పటకా తోలు సమానమైన మందంతో ఉండే పట్టీ కనుక, కొస తొడుగు లోపలి ఖాళీ రెండు మూడు మిల్లీమీటర్ల సన్నని సందుగా, ఒకే వెడల్పుతో ఉంటుంది. సీల ముందు రేకు నుంచి వెనుక రేకు దాకా తోలును గుచ్చుకుంటూ సాగుతుంది. ఒర పొన్నులో అలా అడ్డంగా సీల దిగితే కత్తి లోపలికి దిగదు కదా! రెండు రేకుల మధ్య కవలకొమ్మలా చీలిన మందమైన ముక్క కనిపిస్తే అది దాదాపు తప్పకుండా పటకా కొసే.

పొన్ను వెడల్పును బట్టి అది ఏ ఆయుధానిదో అంచనా వేయవచ్చు. 2 సెంటీమీటర్లలోపు ఉన్నవి ఎక్కువగా చాకులకో బాకులకో చెందినవి, అంతకన్నా బాగా వెడల్పైనవి కత్తుల ఒరలవి. ఇది మోటు లెక్క మాత్రమే. మందంగా, పోతపోసి, జంతువుల ఆకృతులు పెనవేసుకుని, మధ్యలో ఖాళీలతో చిల్లులు చిల్లులుగా ఉన్న పొన్ను దొరికితే అది 10, 11 శతాబ్దాల స్కాండినేవియన్ ప్రభావానిది కావచ్చు, దానిని మరింత జాగ్రత్తగా చూసుకోవాలి.

ఐదవ అడుగు: పిడి భాగాలు

కత్తి పిడి చివరి గుబ్బ చేయి జారకుండా ఆపుతుంది, ముందుకు తూగే అలుగు బరువును వెనక్కి లాగి తూకం నిలుపుతుంది. అలుగు తోక, అంటే పిడిలోకి దూరే దాని సన్నని కొస, గుబ్బ మధ్యగా సాగి, పైన సుత్తి దెబ్బలతో చదునుగా అణిగి ఉంటుంది. కనుక గుబ్బలో ఉండే రంధ్రం గుండ్రంగా కాక దీర్ఘచతురస్రపు చీలికలా, అడుగున పెద్దదిగా, పైన చిన్నదిగా ఉండాలి. ఇనుపదో, రాగి మిశ్రమపుదో అయిన చక్రాకారపు గుబ్బ 13వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం దాకా సాధారణం. అంతకుముందు బ్రెజిల్ గింజ ఆకారపు గుబ్బలు, 9, 10 శతాబ్దాల్లో మూడు లేదా ఐదు ఉబ్బులు తేలిన గుబ్బలు కనిపిస్తాయి. మధ్యయుగపు గుబ్బలకు అక్షరాలతో తరగతులు ఏర్పరచినది యూవర్ట్ ఓక్‌షాట్, ఇంగ్లండులో వీటిని వర్ణించేవారు ఆయన అక్షరాలనే వాడతారు. గుండ్రని రంధ్రమున్న సీసపు బిళ్ల నూలు వడికే కదురుకు వేసే బిల్లో, తూకపురాయో అవుతుంది. గుండ్రని రంధ్రంలో మరచుట్లున్న గుబ్బ పాత సొరుగుదో, మంచపు కోడుదో అవుతుంది.

అడ్డకమ్మి పరిమాణానికి పైన చెప్పిన విథమ్ కత్తినే కొలమానంగా పెట్టుకోవచ్చు. సుమారు 96 సెంటీమీటర్ల పొడవు, 1.2 కిలోల బరువు ఉన్న ఆ కత్తికి అడ్డకమ్మి 16.5 సెంటీమీటర్లు ఉంది. అందులో సగం కూడా లేని, రెండు చేతులు కిందికి వంగిన పోతపోసిన కమ్మి దొరికితే అది బాకుది అయి ఉండవచ్చు. మధ్యలో తోక దూరే చీలిక ఉందో లేదో చూడాలి.

14వ శతాబ్దపు చివరి నుంచి ప్రబలిన రోండెల్ బాకుకు పిడి రెండు కొసలా గుండ్రని బిళ్లలు ఉంటాయి. విడిగా దొరికిన బిళ్ల యంత్రపు వాషర్‌లా కనిపిస్తుంది. వాషర్ రంధ్రం గుండ్రం, రోండెల్ రంధ్రం సన్నని చీలిక. ఇదే కాలంలో కొయ్య పిడి అడుగున రెండు గుండ్రని ఉబ్బులు ఉండే బాకులు కూడా వాడుకలో ఉండేవి. వాటి కొయ్య మిగలకపోయినా, అలుగుకూ పిడికీ మధ్య వేసే నెలవంక ఆకారపు పలుచని లోహపు పలక మిగిలి ఉండవచ్చు.

ఆరవ అడుగు: తీసేముందు, తీసిన తరువాత

వస్తువును కదపకముందే, పక్కన చిన్న స్కేలు పెట్టి ఫోటో తీయాలి. ఫోనులోని మ్యాపు నుంచి ఆ చోటును సూచించే బ్రిటిష్ నేషనల్ గ్రిడ్ సంఖ్య రాసుకోవాలి. ఏ ఒడ్డు, ఏ మెట్ల దగ్గర, గోడ నుంచి ఎంత దూరం, కంకరలోనా బురదలోనా అన్నది అక్కడికక్కడే రాయాలి. ఇంటికి వెళ్లి రాద్దామనుకున్న వివరం సంచిలోని పది వస్తువుల మధ్య కలిసిపోతుంది. ఒక్కో వస్తువుకు ఒక్కో చిన్న జిప్ సంచీ, దానిమీద చెరగని సిరాతో ఒక సంఖ్య ఉండాలి. దొరికిన చోటు తెలియని ఒర పొన్ను అల్మారాలో అందంగా ఉంటుందేమో గానీ చరిత్రకు దానివల్ల ఒరిగేది చాలా తక్కువ.

ఇంటికి వచ్చాక మామూలు నీటిలో మెత్తని బ్రష్షుతో బురద వదిలించి, నీడలో నెమ్మదిగా ఆరనివ్వాలి. ఇత్తడి మురికిగా కనబడితే మన చేయి చింతపండు వైపు పోవడం సహజం. ఇక్కడ మాత్రం ఆ పని చేయకూడదు. పులుపు ఏదైనా, అది నిమ్మరసమైనా, వెనిగరైనా, లోహపు పైపొరను తినేస్తుంది. ఆ పొరలోనే బంగారు మొలాము జాడ, తగరపు కళాయి, చెక్కిన గీతలు, రేకు కోసిన ఉలి గుర్తులు ఉంటాయి. ఇనుప తీగల బ్రష్షు, ఇసుక కాగితం, మెరుగు నూనె కూడా నిషిద్ధమే. ఆరిన రాగి మిశ్రమపు వస్తువును సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరని డబ్బాలో పెట్టాలి. కొన్నాళ్లకు దానిమీద లేతాకుపచ్చ పొడి చుక్కలు తేలితే, మిగతావాటి నుంచి వేరు చేసి వెంటనే సంరక్షకులకు చూపించాలి.

పొన్ను లోపల తోలు, కొయ్య పీచు, విరిగిన మొన మిగిలి ఉంటే పై పద్ధతి పనికిరాదు. దానిని ఆరనివ్వకుండా, నీటితో సహా మూత బిగించిన డబ్బాలో వేసి, చల్లని చీకటి చోట ఉంచాలి. ఫ్రిజ్‌లో పెట్టవచ్చు, గడ్డకట్టే అరలో పెట్టకూడదు. తోలు ఒకసారి ఎండితే ముడుచుకుని పెళుసెక్కుతుంది, తిరిగి పాత రూపానికి రాదు. లోపలిదాన్ని పట్టకారుతో లాగి చూడాలనే ఉబలాటాన్ని ఆపుకోవాలి. ఆ కాస్త తోలే ఆ వస్తువు మొత్తంలో విలువైన భాగం కావచ్చు.

ఏడవ అడుగు: నమోదు, చట్టం

300 ఏళ్లకు పైబడిన వస్తువు దొరికితే లండన్ మ్యూజియంలోని ఫైండ్స్ లైజన్ ఆఫీసరుకు చూపించాలనేది పోర్ట్ అథారిటీ అనుమతిలోని షరతు. ఆ అధికారి, జనానికి దొరికిన పురావస్తువులను నమోదు చేయడానికి 1997లో మొదలైన పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ కింద పనిచేస్తారు. వెళ్లేముందు పొడవు, వెడల్పు, మందం మిల్లీమీటర్లలో, బరువు గ్రాముల్లో కొలిచి, ముందు, వెనుక, పక్కలు, లోపలి ఖాళీ కనిపించే ఫోటోలు సిద్ధం చేసుకుంటే ఇద్దరి పనీ తేలికవుతుంది. మన అభిప్రాయం కూడా చెప్పవచ్చు, అయితే అతుకు ఎక్కడ ఉంది, సీల ఎటు నుంచి ఎటు సాగింది అన్న పరిశీలనతో చెప్పాలి. పరిశీలన, నమోదు అయ్యాక మామూలు వస్తువులను సాధారణంగా తిరిగి ఇచ్చేస్తారు.

300 ఏళ్లు దాటి, బరువులో 10 శాతానికి తగ్గకుండా వెండి లేదా బంగారం ఉన్న వస్తువు 1996 నాటి ట్రెజర్ చట్టం పరిధిలోకి వస్తుంది. అది నిధి కావచ్చని తెలిసిన 14 రోజుల్లో కరోనరుకు, అంటే నిధుల మీద విచారణ జరిపే అధికారికి, తెలియజేయాలి, ఆ పని సాధారణంగా ఫైండ్స్ ఆఫీసరు ద్వారానే జరుగుతుంది. పలుచని బంగారు మొలాము ఉన్నంత మాత్రాన ఆ 10 శాతం చేరదు. కానీ 2023 జూలై నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, లోహం ఉండి, 200 ఏళ్లు పైబడి, చరిత్రకు అసాధారణమైన వెలుగునిచ్చే వస్తువు మామూలు ఇత్తడిదైనా నిధిగా పరిగణన పొందవచ్చు. అందువల్ల ఇది ఇత్తడే కదా అని మన అంతట మనం తీర్పు చెప్పుకోకూడదు.

కృష్ణ, గోదావరి ఒడ్డున ఇలాంటివి దొరికితే ఈ నియమాలేవీ వర్తించవు. అక్కడ 1878 నాటి భారత ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం, భూమిలో దాగి ఉండి 10 రూపాయల విలువ దాటినది ఏది దొరికినా కలెక్టరుకు తెలియజేయాలి.

చదువు ముగించుకుని స్వదేశానికి వచ్చేవారు, తల్లిదండ్రులకు చూపించడానికి ఒక పొన్నును పెట్టెలో వేసుకునే వారు తెలుసుకోవలసిన విషయం ఒకటి మిగిలింది. బ్రిటన్ నేలలో దొరికి, 50 ఏళ్లు దాటిన పురావస్తువును దేశం దాటించాలంటే, దాని ధర ఎంత స్వల్పమైనా, ఎగుమతి లైసెన్సు కావాలి. దానిని ఆర్ట్స్ కౌన్సిల్ ఇంగ్లండ్ ఇస్తుంది. స్కీమ్‌లో నమోదైన ప్రతి వస్తువుకూ ఒక సంఖ్య వస్తుంది, లండన్ అధికారి నమోదు చేసినవాటికి అది ఎల్ ఓ ఎన్ అనే అక్షరాలతో మొదలవుతుంది. ఆ సంఖ్యను, ఫోటోలను దరఖాస్తుకు జతచేయాలి. విమానం టిక్కెట్టు కొనకముందే ఆ దరఖాస్తు పెట్టుకోవాలి.